నవంబర్ 1న కనిపించని టీచర్లు: టెన్యూర్ ట్రాక్ బయటి ఫ్యాకల్టీ డేటా మీద ఒక కేస్ స్టడీ

టెన్యూర్ ట్రాక్ బయట పాఠాలు చెప్పేవాళ్లు మీ దగ్గర ఎంతమంది అని అమెరికాలో ఏ యూనివర్సిటీనైనా అడిగి చూడండి. హెచ్ఆర్ ఒక అంకె చెబుతుంది, రిజిస్ట్రార్ ఇంకో అంకె, బడ్జెట్ ఆఫీసు మూడో అంకె. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పరు, అదే తమాషా. నేను పనిచేసేది ఇన్‌స్టిట్యూషనల్ రీసెర్చ్‌లో, అంటే యూనివర్సిటీ గురించి యూనివర్సిటీకే లెక్కలు చెప్పే ఆఫీసులో. మా ప్రొవోస్ట్ (చదువుల వ్యవహారాలన్నీ చూసే పై అధికారి) ఆఫీసు ఈ ప్రశ్న అడిగితే మా దగ్గర కూడా మూడు అంకెలే వచ్చాయి. వాటి వెనక ఏముందో తవ్వి, కొత్తగా డేటా ఎలా సేకరించామో, ఏది కుదిరిందో ఏది కుదరలేదో ఇక్కడ రాస్తున్నాను. యూనివర్సిటీ పేరు చెప్పను, పెద్ద పబ్లిక్ యూనివర్సిటీ అనుకోండి చాలు. మా లోపలి అంకెలు కూడా పెట్టను. కింద కనిపించే అంకెలన్నీ పబ్లిక్‌లో ఉన్నవి, లేదా చేత్తో వేసుకోగలిగిన లెక్కలు.

ముందు టెన్యూర్ సంగతి క్లుప్తంగా. అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరినవాళ్లు కొన్నేళ్లు ప్రొబేషన్‌లో ఉంటారు. ఏఏయూపీ అనే ప్రొఫెసర్ల సంఘం 1940 ప్రకటన ప్రకారం అది ఏడేళ్లు దాటకూడదు. నెగ్గితే, తగిన కారణం చూపకుండా తీసేయడానికి వీల్లేని ఉద్యోగం, అదే టెన్యూర్. నెగ్గకపోతే ఇంకో చోటు వెతుక్కోవాలి. ఈ దారిలో ఉన్నవాళ్లు ట్రాక్ మీద ఉన్నట్టు, మిగతావాళ్లంతా ట్రాక్ బయట. ఆ బయట ఎవరెవరుంటారంటే, సాయంత్రం ఒక్క క్లాసు చెప్పి వెళ్లే అడ్జంక్ట్ ఉంటారు, పదిహేనేళ్లుగా ఫుల్‌టైమ్ చేస్తున్న సీనియర్ లెక్చరర్ ఉంటారు, విజిటింగ్ అసిస్టెంట్ ప్రొఫెసర్, ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్, నర్సింగ్‌లో క్లినికల్ ప్రొఫెసర్, గ్రాంట్ డబ్బు ఉన్నంతకాలమే జీతం వచ్చే రీసెర్చ్ ప్రొఫెసర్, అందరూ ఉంటారు. ఏఏయూపీ లెక్క ప్రకారం వీళ్ల వాటా 1987 ఫాల్ (శరదృతువు) సెమిస్టర్‌లో సుమారు 47 శాతం, 2021 ఫాల్‌లో 68 శాతం. అందులో పార్ట్‌టైమ్ వాళ్ల వాటా ఒక్కటే దాదాపు 33 నుంచి 48 శాతానికి పెరిగింది. ఇంతమంది గురించి మనకు తెలిసింది మాత్రం చాలా తక్కువ.

తక్కువ ఎందుకంటే, దేశం మొత్తానికి ఉన్న ప్రధాన ఆధారం ఐపెడ్స్. ఫెడరల్ విద్యాశాఖ కింద విద్యా గణాంకాల కేంద్రం ఎన్‌సీఈఎస్ నడిపే వార్షిక సర్వే ఇది. ఫెడరల్ స్టూడెంట్ ఎయిడ్ తీసుకునే ప్రతి కాలేజీ దీన్ని నింపి తీరాలి. ఇందులో ఉద్యోగుల భాగం నవంబర్ 1 నాటి పేరోల్‌ని ఫొటో తీస్తుంది. టెన్యూర్ ఉందా, ట్రాక్ మీద ఉన్నారా, రెండూ కాదా అని అడుగుతుంది, రెండూ కాకపోతే కాంట్రాక్ట్ ఎంతకాలం అని కూడా అడుగుతుంది. మంచి ప్రశ్నలే. కానీ ఆ ఒక్క రోజు పేరోల్‌లో లేనివాళ్లు, అంటే జనవరిలో చేరి మేలో వెళ్లిపోయేవాళ్లు, ఈ ఫొటోలో పడరు. జీతాల వివరాలు ఫుల్‌టైమ్ వాళ్లవే అడుగుతారు, కోర్సుకింత అని తీసుకునేవాళ్ల పైకం సంగతి అసలు అడగరు. మూడు కాలేజీల్లో చెప్పే మనిషి దేశం లెక్కలో ముగ్గురవుతారు. అడ్వైజింగ్ ఆఫీసులో ఫుల్‌టైమ్ ఉద్యోగం చేస్తూ అదనంగా ఒక క్లాసు చెప్పే మనిషి టీచర్ల లెక్కలోకే రారు, ఎందుకంటే అక్కడ ప్రధాన ఉద్యోగం ఏదన్నదే చూస్తారు.

ఒకప్పుడు టీచర్లనే నేరుగా అడిగే ఫెడరల్ సర్వే ఉండేది. 1988, 1993, 1999, 2004ల్లో జరిగింది, తర్వాత ఆగిపోయింది. ఆ ఖాళీని బయటివాళ్లు తమకు తోచినట్టు పూడ్చారు. 2010లో కోఅలిషన్ ఆన్ ది అకడమిక్ వర్క్‌ఫోర్స్ చేసిన సర్వేకి దాదాపు 20,000 మంది కాంటింజెంట్ (అంటే ట్రాక్ బయటి) టీచర్లు స్పందించారు, మూడు క్రెడిట్ల కోర్సుకి మధ్యస్థ చెల్లింపు 2,700 డాలర్లని తేలింది. తమంతట తాము ముందుకొచ్చి నింపినవాళ్ల మాట అది, అయినా చాలా ఏళ్లు అందరూ ఆ అంకెనే ఎత్తి చూపారు, ఎందుకంటే వేరే అంకె లేదు. యూనివర్సిటీలు తమ సంగతి తాము చెప్పుకోకపోతే ఇంకెవరో చెబుతారు, ఆ చెప్పింది నచ్చకపోయినా ఎదురు చూపించడానికి మన దగ్గర ఏమీ ఉండదు. ప్రొవోస్ట్ దగ్గర నేను పెట్టిన మొదటి వాదన ఇదే.

మూడు అంకెల వెనక

హెచ్ఆర్ లెక్కపెట్టేది మనుషుల్ని కాదు, ఉద్యోగాల్ని. ఒకే మనిషి ఇంగ్లిష్‌లో రెండు, కమ్యూనికేషన్‌లో ఒకటి చెబితే రెండు రికార్డులు. రిజిస్ట్రార్ లెక్కపెట్టేది సెక్షన్ (ఒక కోర్సుకి నడిచే ఒక్కో క్లాసు) ఎదురుగా ఉన్న పేర్లు. సెమిస్టర్ మొదలయ్యేదాకా చాలా సెక్షన్ల ఎదురుగా పేరు బదులు ‘స్టాఫ్’ అనే ఉంటుంది, కొన్నిట్లో చివరిదాకా కూడా అదే ఉండిపోతుంది. వాటిలో ఎక్కువభాగం ఎవరివో మీరు ఊహించగలరు. బడ్జెట్ వాళ్లది ఇంకో లోకం. అక్కడ మనుషులే ఉండరు, ‘అడ్జంక్ట్ పూల్’ అని ఒక డబ్బు మూట ఉంటుంది, దాన్ని ఏదో ఒక సంఖ్యతో భాగించి ఇంతమందికి సమానం అంటారు. వీటికి తోడు కాలేజీ గైడ్‌లకు పంపే కామన్ డేటా సెట్‌లో స్టూడెంట్-ఫ్యాకల్టీ నిష్పత్తికి ఫుల్‌టైమ్ వాళ్లందరినీ తీసుకుని, పార్ట్‌టైమ్ వాళ్లలో మూడో వంతు కలుపుతారు. ఒక్క క్లాసు చెప్పినా మూడో వంతే, మూడు క్లాసులు చెప్పినా మూడో వంతే.

మొదటి మీటింగులో అందరూ వీటిలో ఏది సరైనదో తేల్చమన్నారు. ఏదీ తేల్చం అని చెప్పాం. ఒక్కో లెక్క ఒక్కో అవసరానికి పుట్టింది, దాన్ని ఇంకో అవసరానికి వాడితే తప్పు వస్తుంది. జీతం ఇవ్వడానికి పుట్టిన టేబుల్ ఒక లెక్చరర్ ఇక్కడ ఎన్నేళ్ల నుంచి ఉన్నారో చెప్పలేదు, అది దాని పని కాదు. కాబట్టి కొత్త లెక్క ఒకటి కావాలి, ఆ టేబుల్‌లో ఒక్కో వరస (రో) అంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి. ఎన్నో వాదనల తర్వాత నిలబడింది ఇది: ఒక మనిషి, ఒక డిపార్ట్‌మెంట్, ఒక టర్మ్, ఒక అపాయింట్‌మెంట్ కలిస్తే ఒక వరస. మనుషుల లెక్క కావాలంటే ఈ వరసల్ని కలుపుకోవచ్చు. మనుషుల్ని మాత్రమే లెక్కపెట్టి పెట్టుకుంటే మాత్రం అపాయింట్‌మెంట్‌లని మళ్లీ విడదీయలేం. ఈ ప్రాజెక్టులో మేం తీసుకున్న నిర్ణయాలన్నిట్లో ఇదొక్కటే గట్టిది అంటాను, మిగతావన్నీ దీని వెనకే వచ్చాయి.

టైటిల్స్ జోలికి వెళ్లలేదు. ఒక్కో కాలేజీ తన ముచ్చట కొద్దీ టైటిల్స్ పెట్టుకుంది, ఒక చోట టీచింగ్ ప్రొఫెసర్ అన్నవాళ్లనే ఇంకో చోట సీనియర్ ఇన్‌స్ట్రక్టర్ అంటారు. వాటిని ఒక దారికి తెస్తామని బయల్దేరితే ఫ్యాకల్టీ సెనేట్‌లో ఏళ్లు గడిచిపోతాయి. టైటిల్‌ని అలాగే వదిలేసి ప్రతి అపాయింట్‌మెంట్‌నీ నాలుగు విషయాలు అడిగాం. టెన్యూర్‌కి దారి ఉందా లేదా, ఫుల్‌టైమా పార్ట్‌టైమా, కాంట్రాక్ట్ టర్ముకా ఏడాదికా అంతకంటే ఎక్కువకా, ప్రధానమైన పని పాఠమా పరిశోధనా క్లినిక్కా. ఈ నాలుగు జవాబులు ఉంటే టైటిల్ ఏదైనా ఫర్వాలేదు. మెడికల్ స్కూల్‌లో జీతం లేకుండా పేరు మాత్రమే ఉన్న క్లినికల్ ఫ్యాకల్టీని వేరే టేబుల్‌లో పెట్టాం. వాళ్లని కలిపేస్తే మొత్తం అంకె అర్థం లేకుండా పోతుంది.

డిలీట్ బటన్

ఫీల్డులన్నీ చెప్పను గానీ రెండిటి గురించి చెప్పి తీరాలి. మొదటిది అపాయింట్‌మెంట్ లెటర్ ఇచ్చిన తేదీ. పని మొదలుపెట్టే తేదీ అన్ని సిస్టంలలోనూ ఉంటుంది, లెటర్ చేతికి ఎప్పుడొచ్చిందో ఎక్కడా ఉండదు. ఈ రెండిటి మధ్య ఎన్ని రోజులున్నాయో తెలిస్తే సిలబస్ రాసుకోవడానికి ఆ మనిషికి ఎంత వ్యవధి దొరికిందో తెలిసిపోతుంది. కొన్నిట్లో ఈ తేడా మైనస్‌లోకి వెళ్తుంది, అంటే క్లాసులు మొదలయ్యాక లెటర్ వచ్చింది. అందుకే ఈ ఫీల్డు మీద డిపార్ట్‌మెంట్ చైర్ల నుంచి అందరికంటే ఎక్కువ వ్యతిరేకత వచ్చింది. వాళ్ల బాధా అర్థమవుతుంది. ఎన్‌రోల్‌మెంట్ తేలేదాకా డీన్ డబ్బు వదలరు, డబ్బు వదిలేదాకా చైర్ లెటర్ ఇవ్వలేరు, డేటాలో మాత్రం ఆలస్యం చైర్ పేరు మీదే పడుతుంది. చివరికి డీన్ ఆమోదం ఇచ్చిన తేదీ కూడా పక్కనే పెట్టడానికి ఒప్పుకున్నాక చైర్లు శాంతించారు. డీన్లకి టెన్షన్ మొదలైంది.

రెండోది రద్దు. చాలినంతమంది స్టూడెంట్స్ చేరకపోతే సెక్షన్ రద్దవుతుంది, దాంతోపాటు అడ్జంక్ట్ అపాయింట్‌మెంట్ కూడా. లేదంటే ట్రాక్ మీద ఉన్న ప్రొఫెసర్ సెక్షన్ రద్దయి, ఆయన చెప్పాల్సిన క్లాసుల కోటా నింపడానికి అడ్జంక్ట్ సెక్షన్ ఆయనకిస్తారు. రెండు సందర్భాల్లోనూ డిపార్ట్‌మెంట్‌లో ఎవరో సిస్టంలోకి వెళ్లి ఆ రికార్డుని డిలీట్ చేసేవాళ్లు, ఎందుకంటే పేరోల్‌కి దానితో పని లేదు. అంటే వేసవంతా సిలబస్ తయారుచేసుకుని, వేరే కాలేజీ ఇచ్చిన క్లాసు వదులుకుని, చివరి వారంలో వద్దనిపించుకున్న మనిషి మా డేటా ప్రకారం అసలు లేనే లేరు. ఈ డిలీట్‌ని తీసేయించి, దాని స్థానంలో ‘రద్దు’ అనే స్టేటస్, ఒక తేదీ, ఒక కారణం పెట్టించాం. ప్రోగ్రామింగ్ పరంగా ఇది చాలా చిన్న మార్పు. కానీ ఒప్పించడానికి పట్టిన సమయం మిగతా అన్నిటికంటే ఎక్కువ, ఎందుకంటే ఒకసారి లెక్కలోకి వస్తే రద్దుకి పరిహారం అడుగుతారని అందరికీ ముందే తెలుసు.

ఇవన్నీ నింపేది చైర్లు కాదు, డిపార్ట్‌మెంట్ ఆఫీసుల్లో ఉండే కోఆర్డినేటర్లు. నిజం చెప్పాలంటే యూనివర్సిటీలో ఈ విషయం మీద అన్నిటికంటే మంచి డేటా వాళ్ల సొంత స్ప్రెడ్‌షీట్లలోనే ఉంది, ఎవరు ఏ టర్ములో ఏం చెప్పారు, ఎవరికి ఎంత ఇచ్చారు, ఎవరు మళ్లీ రానన్నారు, రంగులతో సహా. వాళ్లకి ఇంకో ఫారం ఇచ్చి నింపమంటే ఏమవుతుందో అనుభవం ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. అందుకని ఫారం నింపితేనే అపాయింట్‌మెంట్ లెటర్ ప్రింట్ అయ్యేలా చేశాం. లెటర్ ఎలాగూ కావాలి, వర్డ్ ఫైల్‌లో పాత లెటర్ తెరిచి పేరు మార్చుకునే పని తప్పింది, డేటా దానంతట అదే వచ్చి పడింది. డేటా సేకరణ గురించి నన్ను ఒకే ఒక్క సలహా అడిగితే ఇదే చెబుతాను: డేటా కోసం ఎవరినీ ఏమీ నింపమనకండి, వాళ్లకి ఎలాగూ కావాల్సిన కాగితం డేటా నుంచే పుట్టేలా చూడండి.

ఎంత వాటా అని ఎలా అడగాలి

అపాయింట్‌మెంట్‌ల టేబుల్‌ని రిజిస్ట్రార్ సెక్షన్లతో కలిపినప్పుడు అసలు పని మొదలైంది. ఇద్దరు కలిసి చెప్పే కోర్సులు, ఒకే గదిలో ఒకే క్లాసుకి రెండు కోడ్‌లు, క్రెడిట్ లేని ల్యాబ్‌లు, ఇవన్నీ ఒక్కొక్కటిగా తేల్చాలి. ఇండిపెండెంట్ స్టడీల సంగతి ప్రత్యేకంగా చూడండి. ఒక్క స్టూడెంట్‌తో నడిచేవి అవి, ఎక్కువభాగం టెన్యూర్ ఉన్నవాళ్ల పేర్ల మీద ఉంటాయి, వాటిని మామూలు సెక్షన్లతో కలిపి లెక్కేస్తే టెన్యూర్ ఉన్నవాళ్లు చాలా క్లాసులు చెబుతున్నట్టు కనిపిస్తుంది.

ఒక ఊహా డిపార్ట్‌మెంట్ తీసుకుందాం. ట్రాక్ మీద పదిమంది, ఒక్కొక్కరు పదిహేను మంది ఉన్న సెక్షన్లు రెండేసి చెబుతారు. బయట ఐదుగురు లెక్చరర్లు, ఒక్కొక్కరు నలభై మంది ఉన్న సెక్షన్లు నాలుగేసి చెబుతారు. తలలు లెక్కపెడితే ట్రాక్ వాళ్లది మూడింట రెండు వంతులు. సెక్షన్లు లెక్కపెడితే ఇరవైకి ఇరవై, సగం. సీట్లు లెక్కపెడితే మొత్తం 1,100లో ట్రాక్ వాళ్లవి 300, అంటే 27 శాతం. ఒకే డిపార్ట్‌మెంట్, ఒకే సెమిస్టర్. బ్రోషర్‌లో మొదటి అంకె వేస్తారు, యూనియన్ మూడోది అడుగుతుంది, రెండూ నిజమే. మేం మూడూ పక్కపక్కనే ఇస్తాం, విడిగా ఇవ్వమంటే ఇవ్వం. మొదటి ఏడాది కోర్సులకి ఈ లెక్క వేరుగా తీస్తే ఇంకా ఉపయోగం. రైటింగ్, మొదటి మ్యాథ్స్ కోర్సులు ఎవరి చేతుల్లో ఉన్నాయో అందరికీ తెలుసు గానీ టేబుల్‌లో చూశాక డీన్లు మాట్లాడే తీరు మారింది.

ఇక గంటల గొడవ. కోర్సుకింత అని చెల్లించే మనిషి వారానికి ఎన్ని గంటలు పనిచేస్తున్నట్టు? ఆరోగ్య బీమా చట్టం కింద వారానికి 30 గంటలు లేదా అంతకంటే ఎక్కువైతే ఫుల్‌టైమ్, బీమా ఇవ్వాల్సిన బాధ్యత వస్తుంది. క్లాసులో గడిపే ప్రతి గంటకీ 2.25 గంటల పని కింద లెక్కేయవచ్చని 2014లో ఫెడరల్ పన్నుల శాఖ ఐఆర్ఎస్ చెప్పింది, తప్పనిసరి ఆఫీస్ అవర్స్ (స్టూడెంట్స్ వచ్చి కలిసే సమయం), మీటింగులు ఉంటే అవి అదనం. స్టూడెంట్ లోన్ మాఫీ కోసం పబ్లిక్ సర్వీస్ పథకం ఉంది, దానికీ 30 గంటలే గీత, కానీ 2023 జూలై నుంచి అక్కడ ట్రాక్ బయటివాళ్లకి ప్రతి క్రెడిట్ గంటకీ కనీసం 3.35 గంటలు వేయాలి. గుణించి చూడండి. క్రెడిట్‌కి వారానికి ఒక క్లాసు గంట అనుకుంటే, తొమ్మిది క్రెడిట్లు చెప్పే మనిషికి ఒక లెక్కలో 20.25 గంటలు, ఇంకో లెక్కలో 30.15. లోన్ ఆఫీసుకి ఫుల్‌టైమ్, బీమాకి పార్ట్‌టైమ్. పన్నెండు క్రెడిట్లు చెబితే బీమా లెక్కలో 27, దానికి మూడు గంటల తప్పనిసరి ఆఫీస్ అవర్స్ కలిస్తే సరిగ్గా 30. అంటే లెటర్‌లో ఆఫీస్ అవర్స్ గురించి ఒక వాక్యం ఉందా లేదా అన్నదాని మీద బీమా ఆధారపడుతుంది. ఆ వాక్యాన్ని కూడా ఫారంలో ఒక ఫీల్డ్ చేశాం, దాని మీద లీగల్ ఆఫీసు చాలా ఆలోచించింది.

ఈ 3.35 వల్ల మాకు అనుకోని మేలు జరిగింది. అంతకుముందు మా డేటా కోసం ఎవరూ వచ్చేవాళ్లు కాదు. మాఫీకి పదేళ్ల చెల్లింపులు చూపించాలి, కాబట్టి పాత అడ్జంక్ట్‌లు హెచ్ఆర్‌కి వచ్చి పాత టర్ములన్నిటికీ ధ్రువీకరణ అడగడం మొదలుపెట్టారు, హెచ్ఆర్ దగ్గర క్రెడిట్ల లెక్క లేదు. తమదాకా వచ్చాక గానీ ఫీల్డులు ఖాళీగా ఉన్నాయని హెచ్ఆర్ వాళ్లకి పట్టింపు రాలేదు. అప్పట్నుంచి మాకంటే ముందు వాళ్లే తప్పులు పట్టుకుంటున్నారు.

రికార్డులు చెప్పని సంగతుల కోసం చిన్న సర్వే చేశాం. ఇంకెక్కడైనా చెబుతున్నారా, ఫుల్‌టైమ్ ఇస్తే చేస్తారా, ఆఫీసు గది ఉందా, ఇలాంటివి. మొదటి అడ్డంకి ఈమెయిల్. టర్ము అయిపోగానే పార్ట్‌టైమ్ వాళ్ల యూనివర్సిటీ ఈమెయిల్ మూసుకుపోతుంది, కాబట్టి సర్వే టర్ము మధ్యలోనే పంపాలి, వ్యక్తిగత ఈమెయిల్ లెటర్ ఫారంలోనే తీసుకోవాలి. రెండోది భయం, వచ్చే టర్ము క్లాసు ఇచ్చేది చైరే కదా. ఐదుగురి కంటే తక్కువ ఉన్న ఏ గడినీ చూపించం, చైర్లకి విడి జవాబులు వెళ్లవు అని మొదటి లైన్లోనే రాశాం. అయినా చాలామంది నింపలేదు, నేను వాళ్ల స్థానంలో ఉంటే బహుశా నింపేవాణ్ని కాను.

ఫలితం అంటే, ఎన్నో ఏళ్లుగా ప్రతి టర్మూ చెబుతూ టర్ము కాంట్రాక్ట్ మీదే ఉన్నవాళ్ల జాబితా మొదటిసారి బయటికొచ్చింది. ఒక కాలేజీ దాన్ని చూసి వాళ్లలో కొందరికి ఏడాది కాంట్రాక్ట్‌లు ఇచ్చింది. ఇంకో కాలేజీ ఆ జాబితా తమ దగ్గర ఉన్నట్టు ఎవరికీ చెప్పొద్దంది. ఐపెడ్స్‌లో పడని వసంత టర్ము టీచర్లు ఇప్పుడు మా వార్షిక నివేదికలో వేరే కాలమ్‌లో ఉంటారు. నిర్వచనాలు, అంకెలు ఒకే రోజు ఒకే ఫైల్‌లో విడుదల చేస్తాం, యూనియన్‌కీ అడ్మినిస్ట్రేషన్‌కీ అదే ఫైల్.

పక్క కాలేజీల్లో కూడా చెప్పేవాళ్ల లెక్క మాత్రం మాకు దొరకలేదు. అది ఒక యూనివర్సిటీ తేల్చగలిగేది కాదు, రాష్ట్ర స్థాయిలో వేతన రికార్డులు కలిపితేనే కుదురుతుంది. సమ్మర్ కూడా ఇంకా తేలలేదు. జూలై 1కి ఆర్థిక సంవత్సరం మారుతుంది, జూన్‌లో మొదలై ఆగస్టులో ముగిసే కోర్సు అపాయింట్‌మెంట్‌ని పేరోల్ రెండు ముక్కలు చేస్తుంది, మా టేబుల్‌లో ఒకే క్లాసు రెండు అపాయింట్‌మెంట్‌లుగా దిగుతుంది. కోర్సు కోడ్ చూసి అతికించే స్క్రిప్ట్ రాశాం గానీ ఇద్దరు కలిసి చెప్పే సమ్మర్ కోర్సుల దగ్గర అది తడబడుతోంది, వాటిని ప్రస్తుతానికి చేత్తోనే సరిచేస్తున్నాం.